పోస్ట్‌గ్రెస్‌లో కమాండ్ లైన్ నుంచి కొత్త డేటాబేస్: తెలుగు అక్షరం చెడకుండా ఎలా చేయాలి

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేరులో కొత్త డేటాబేస్ చేయడానికి ఒక్క లైను చాలు. అయితే ఆ ఒక్క లైనులో మూడు నిర్ణయాలు ఇమిడి ఉన్నాయి. దాని యజమాని ఎవరు? అక్షరాలను ఏ ఎన్‌కోడింగ్‌లో, అంటే బైట్లుగా మార్చే ఏ పద్ధతిలో దాచాలి? పేర్లను వరుస పెట్టమంటే ఏ వరుసలో పెట్టాలి? మీరు చెప్పకపోతే సర్వరు తనకు తోచినట్టు తీసుకుంటుంది. యజమానిని తర్వాత మార్చుకోవచ్చు. ఎన్‌కోడింగ్‌ను మాత్రం డేటాబేస్ పుట్టాక మార్చే దారి లేదు. మొత్తం బయటికి తీసి, కొత్తది కట్టి, మళ్లీ నింపాల్సిందే.

ఈ సంగతి నాకు కష్టమ్మీద తెలిసింది. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న గ్రంథాలయం పుస్తకాల జాబితాను మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ సాఫ్ట్‌వేరు పాత వెర్షన్‌లోకి ఎక్కించాను. ఎక్కడా ఎర్రర్ రాలేదు. మర్నాడు తెరిచి చూస్తే ప్రతి తెలుగు పేరు స్థానంలో ప్రశ్నార్థకాల వరుస. డేటాబేస్ లాటిన్1 ఎన్‌కోడింగ్‌లో పుట్టింది కాబట్టి తనకు తెలియని అక్షరాన్నల్లా ప్రశ్నార్థకంగా మార్చి దాచుకుంది. అసలు అక్షరం డిస్కు మీదికి చేరనే లేదు, ఇక తిరిగి రప్పించేదేముంది? మళ్లీ రిజిస్టరు ముందేసుకుని మొదటి పేజీ నుంచి టైపు చేశాను. అందుకే ఇక్కడ ఎన్‌కోడింగ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఉదాహరణకు అలాంటి గ్రంథాలయ జాబితానే తీసుకుందాం. సాఫ్ట్‌వేరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మెషీనులో ఉబుంటు లినక్స్. 1986లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వంలో మొదలైన పరిశోధనే ఈ పోస్ట్‌గ్రెస్. అంతకుముందు ఆయన చేసిన ఇంగ్రెస్ అనే డేటాబేస్ తర్వాత వచ్చింది కాబట్టి పోస్ట్‌గ్రెస్ అన్నారు. 1996లో పేరు చివర క్యూఎల్ చేరింది. రోజువారీ మాటల్లో అందరూ ఇప్పటికీ పోస్ట్‌గ్రెస్ అనే అంటారు.

కమాండ్లు చదివే పద్ధతి

పక్కన కూర్చుని చెబుతున్నట్టుగా కమాండ్లను తెలుగు లిపిలోనే రాశాను. మీరు కీబోర్డు మీద ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. క్రియేట్, ఓనర్, మేనేజర్ లాంటివి మామూలు ఇంగ్లిష్ స్పెల్లింగులే. డీబీ, పీఎస్‌క్యూఎల్, యూటీఎఫ్ లాంటివి ఒక్కో అక్షరంగా కొట్టాలి. సుడో అంటే ఎస్, యు, డి, ఓ. పోస్ట్‌గ్రెస్ చివర ఎస్ ఒక్కటే. రెండు కొట్టి అరగంట వెతుక్కున్నవాళ్లను చూశాను. క్రియేట్‌డీబీ, క్రియేట్‌యూజర్ ఒక్కొక్కటి ఒకే మాట, మధ్యలో ఖాళీ ఉండదు. గీతలు, సమాన గుర్తులు, కోట్స్, సెమికోలన్లు ఇక్కడ ఎలా ఉంటే అలాగే కొట్టండి.

ఆప్షన్లకు పొట్టి రూపాలు కూడా ఉన్నాయి. పొట్టి రూపంలో పెద్ద ఓ, చిన్న ఓ వేర్వేరు అర్థాలిచ్చే ప్రమాదం ఉంది కాబట్టి వీలైనచోటల్లా రెండు గీతల పొడుగు రూపమే వాడాను. ఆర్నెల్ల తర్వాత మీరే చదువుకున్నా అర్థమవుతుంది.

మొదట: సర్వరు ఉందా, నడుస్తోందా

ఇన్‌స్టాల్ చేయకపోతే:

సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్

ఉబుంటులో ఇది పూర్తికాగానే సర్వరు దానంతటదే మొదలవుతుంది. నడుస్తోందో లేదో చూడాలంటే:

పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్

వచ్చిన వరుసలో పోర్టు 5432 అనీ, స్థితి ఆన్‌లైన్ అనీ కనిపిస్తే చాలు. డౌన్ అని ఉంటే ముందు దాని సంగతి చూడండి. సర్వరు లేవకుండా కింది కమాండ్లలో ఏదీ పనిచేయదు.

విండోస్ వాడేవారికి ఒక మాట. ఇన్‌స్టాలర్‌తో పెట్టుకున్నాక ఈ కమాండ్లు పోస్ట్‌గ్రెస్ ఫోల్డరులోని బిన్‌లో ఉంటాయి. ఆ ఫోల్డరును పాత్‌లో, అంటే విండోస్ కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితాలో చేర్చకపోతే కమాండ్ దొరకలేదనే మాట వస్తుంది. పైగా విండోస్ కన్సోల్‌లో తెలుగు సరిగా కనిపించక, డేటా చెడిందేమో అని అనవసరంగా కంగారుపడతారు. విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యుఎస్ఎల్ పెట్టుకోగలిగితే దాని ఉబుంటులోనే ఈ పని చేయండి.

రెండోది: యజమానిని తయారుచేయండి

ఇన్‌స్టాల్ అయిన వెంటనే సర్వరులో పోస్ట్‌గ్రెస్ అనే ఒకే యూజర్ ఉంటుంది. సర్వాధికారాలూ దానివే. రోజువారీ పనికి దాన్ని వాడకండి. ఆ యూజర్‌గా ఉండి పొరపాటున ఏది కొట్టినా ఆపేవారుండరు. గ్రంథాలయ జాబితాకు విడిగా ఒక యూజర్‌ను పెడదాం, పేరు మేనేజర్:

సుడో -యు పోస్ట్‌గ్రెస్ క్రియేట్‌యూజర్ --పీడబ్ల్యుప్రాంప్ట్ మేనేజర్

పీడబ్ల్యు తర్వాత ప్రాంప్ట్, రెండూ కలిపి ఒకే మాట. కొత్త పాస్‌వర్డ్‌ను రెండుసార్లు అడుగుతుంది. మీరు కొడుతున్నప్పుడు తెర మీద చుక్కలు కూడా కనిపించవు. కీబోర్డు పనిచేస్తూనే ఉంది, కొట్టేసి ఎంటర్ నొక్కండి. పాస్‌వర్డ్‌ను కమాండ్‌లోనే రాయడం కన్నా ఇలా అడిగించుకోవడమే మేలు. కమాండ్‌లో రాస్తే అది షెల్ హిస్టరీలో, అంటే మీరు కొట్టిన కమాండ్ల జాబితాలో అలాగే మిగిలిపోతుంది.

ఇక్కడే, మీ హోమ్ ఫోల్డరులోకి వెళ్లలేకపోయానని, పర్మిషన్ డినైడ్ అని ఒక లైను రావచ్చు. అది చూసి పని ఆగిపోయిందనుకోకండి. పోస్ట్‌గ్రెస్ యూజర్‌కు మీ ఫోల్డరు చూసే హక్కు లేదు కాబట్టి ఆ మాట అంటోంది, అంతే. కమాండ్ మాత్రం పూర్తయింది.

మూడోది: అసలు లైను

సుడో -యు పోస్ట్‌గ్రెస్ క్రియేట్‌డీబీ --ఓనర్=మేనేజర్ --ఎన్‌కోడింగ్=యూటీఎఫ్8 --లొకేల్=సీ.యూటీఎఫ్-8 --టెంప్లేట్=టెంప్లేట్0 లైబ్రరీ

లొకేల్ దగ్గర సీ, యూటీఎఫ్ రెండూ పెద్ద అక్షరాల్లో కొట్టండి. ఎంటర్ నొక్కాక ఏమీ రాకపోతే పని జరిగినట్టే. ఈ కమాండ్ విజయం గురించి ఏమీ చెప్పదు, తప్పు జరిగితేనే నోరు విప్పుతుంది.

ఇప్పుడు ముక్కముక్కగా చూద్దాం.

ఓనర్: ఇది వదిలేస్తే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ యూజర్ పేరున పుడుతుంది. అప్పుడు మేనేజర్‌గా లోపలికి వెళ్లి టేబుల్ చేయబోతే, టేబుళ్లను ఉంచే పబ్లిక్ స్కీమా అనే భాగంలో మీకు అనుమతి లేదంటుంది. పాత పాఠాల్లో ఈ మాట కనిపించదు, ఎందుకంటే అప్పట్లో పబ్లిక్ స్కీమాలో ఎవరైనా టేబుల్ చేసేవారు. 2022లో వచ్చిన 15వ వెర్షన్ ఆ తలుపు మూసింది. ఇప్పుడు డేటాబేస్ యజమానికి మాత్రమే ఆ హక్కు దానంతటదే వస్తుంది. నెట్‌లో వెతికితే, అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేయమనే సలహా దొరుకుతుంది. అది పాటించకండి. యజమానిని సరిగ్గా పెడితే ఆ ఇబ్బందే రాదు.

టెంప్లేట్: పోస్ట్‌గ్రెస్ కొత్త డేటాబేస్‌ను శూన్యం నుంచి కట్టదు, ఉన్నదాన్ని నకలు తీస్తుంది. మామూలుగా టెంప్లేట్1ను నకలు తీస్తుంది. దాని ఎన్‌కోడింగ్ ఏదైతే మీకూ అదే. వేరేది కావాలంటే ఒప్పుకోదు, టెంప్లేట్0 వాడమని సూచన ఇస్తుంది. టెంప్లేట్0 ఎవరూ చేయి పెట్టని శుభ్రమైన మూల ప్రతి. పైగా టెంప్లేట్1లో ఎవరైనా కనెక్ట్ అయి కూర్చుంటే నకలు తీయడం కుదరదు, వేరే యూజర్లు వాడుతున్నారనే ఎర్రర్ వస్తుంది. మొదటి నుంచీ టెంప్లేట్0 అని రాసేస్తే ఈ రెండు చిక్కులూ ఉండవు.

ఎన్‌కోడింగ్: యూటీఎఫ్8 తప్ప వేరే ఆలోచనే వద్దు. చాలా కంప్యూటర్లలో చెప్పకపోయినా ఇదే వస్తుంది. అయితే భాష సెట్టింగులేవీ లేని చిన్న సర్వర్లలో, కంటైనర్లలో పోస్ట్‌గ్రెస్‌ను పెట్టినప్పుడు ఎస్‌క్యూఎల్_ఆస్కీ అనే ఎన్‌కోడింగ్ వస్తుంది. ఇది మోసకారి. తెలుగు ఎక్కించినా తీసుకుంటుంది, తిరిగి చూపిస్తుంది కూడా. కానీ దాని దృష్టిలో అవి అక్షరాలు కావు, వట్టి బైట్లు. పొడవు లెక్క తప్పుతుంది, పేరులో మొదటి పది అక్షరాలు కత్తిరించమంటే అక్షరం మధ్యలో కోస్తుంది. లాటిన్1 డేటాబేస్ ఇంకాస్త నయం. పోస్ట్‌గ్రెస్‌లో అది తెలుగును చూడగానే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, నాకు జరిగినట్టు మౌనంగా ప్రశ్నార్థకాలుగా మార్చదు.

లొకేల్: పదాల వరుసను నిర్ణయించేది ఇదే. లొకేల్‌కు ఇంగ్లిష్ అమెరికా లాంటిది పెడితే, వరుస నియమాలు ఆపరేటింగ్ సిస్టమ్‌లోని గ్లిబ్‌సీ లైబ్రరీ నుంచి వస్తాయి. 2018లో వచ్చిన గ్లిబ్‌సీ 2.28 ఆ నియమాలను పెద్ద ఎత్తున మార్చింది. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేసినచోట, త్వరగా వెతకడం కోసం పాత వరుసలో కట్టిన ఇండెక్సులు కొత్త నియమాలతో పొసగక, టేబుల్లో ఉన్న పేరే వెతికితే దొరకని స్థితి వచ్చింది. అందుకే నేను డేటాబేస్‌కు సీ.యూటీఎఫ్-8 పెడతాను. అది అక్షరాల యూనికోడ్ సంఖ్యల వరుస, మారదు. తెలుగు వరుస కావలసినచోట విడిగా అడగవచ్చు, అది కింద చెబుతాను.

పేరు గురించి కూడా ఒక మాట. డేటాబేస్ పేరు చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టండి. పోస్ట్‌గ్రెస్ కోట్స్ లేని పేర్లను చిన్న అక్షరాల్లోకి మార్చేస్తుంది కాబట్టి పెద్ద అక్షరాలు కలిపితే ప్రతిసారీ కోట్స్ పెట్టాల్సి వస్తుంది. తెలుగు లిపిలోనూ పేర్లు పెట్టవచ్చు. కానీ పేరు పరిమితి 63 బైట్లు, ఒక్కో తెలుగు యూనికోడ్ గుర్తుకు 3 బైట్లు. అంటే 21 గుర్తులు దాటితే తోక తెగిపోతుంది.

అసలు పేరే రాయకుండా క్రియేట్‌డీబీ అని కొడితే? మీ యూజర్ పేరుతోనే ఒక డేటాబేస్ పుడుతుంది. దీనికి అద్దంలాంటిదే ఇంకొక తికమక: డేటాబేస్ లోపలికి వెళ్లే కమాండ్‌ను పీఎస్‌క్యూఎల్ అని మాత్రమే కొడితే, మీ యూజర్ పేరుతో ఉన్న డేటాబేస్‌ను వెతికి, లేదని ఎర్రర్ ఇస్తుంది. సర్వరు పాడైందని కాదు, ఏ డేటాబేస్‌కు వెళ్లాలో మీరు చెప్పలేదంతే.

నాలుగోది: పుట్టిందా, సరిగ్గా పుట్టిందా

సుడో -యు పోస్ట్‌గ్రెస్ పీఎస్‌క్యూఎల్ --లిస్ట్

లైబ్రరీ వరుసలో ఓనర్ కింద మేనేజర్, ఎన్‌కోడింగ్ కింద యూటీఎఫ్8 ఉన్నాయేమో చూడండి. లేకపోతే ఇప్పుడే తీసేసి మళ్లీ చేయండి. లోపల ఏమీ లేనప్పుడు తీసేయడానికి ఒక్క క్షణం పడుతుంది.

తర్వాత మేనేజర్‌గానే లోపలికి వెళ్లండి:

పీఎస్‌క్యూఎల్ --హోస్ట్=లోకల్‌హోస్ట్ --యూజర్‌నేమ్=మేనేజర్ --డీబీనేమ్=లైబ్రరీ

హోస్ట్ భాగం వదిలేస్తే ఉబుంటులో పీర్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్ అని వస్తుంది. కారణం సులువు. హోస్ట్ చెప్పకపోతే పోస్ట్‌గ్రెస్ పాస్‌వర్డ్ అడగదు, మీ లినక్స్ యూజర్ పేరూ డేటాబేస్ యూజర్ పేరూ ఒకటేనా అని చూస్తుంది. మీ లినక్స్ పేరు మేనేజర్ కాదు కదా. లోకల్‌హోస్ట్ అని చెబితే నెట్‌వర్క్ దారిలో వస్తున్నారని పాస్‌వర్డ్ అడుగుతుంది. దీనికోసం కాన్ఫిగరేషన్ ఫైల్లో ట్రస్ట్ అని మార్చమనే సలహాలు తిరుగుతుంటాయి. అలా మార్చితే ఎవరైనా పాస్‌వర్డ్ లేకుండా వచ్చేస్తారు, ఆ జోలికి పోకండి.

లోపలికి రాగానే ప్రాంప్టును గమనించండి. లైబ్రరీ=> అని ఉంటే మామూలు యూజర్‌గా ఉన్నారు. చివర => బదులు =# ఉంటే సర్వాధికారిగా ఉన్నట్టు, జాగ్రత్త. ఏదైనా కొట్టి ఎంటర్ నొక్కితే ప్రాంప్టు -> గా మారి ఊరుకుంటే, సెమికోలన్ మర్చిపోయారు. అది మీ వాక్యం పూర్తయ్యేదాకా ఎదురుచూస్తోంది. ఒక్క సెమికోలన్ కొట్టి ఎంటర్ నొక్కండి. కోట్ గుర్తు, దాని పక్కన > కనిపిస్తే ఎక్కడో కోట్ మూయలేదు. కంట్రోల్ పట్టుకుని సీ నొక్కి మళ్లీ మొదలుపెట్టండి. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే, సర్వరు హ్యాంగ్ అయిందనుకుని టెర్మినల్ మూసేస్తారు.

ఇప్పుడు ఎన్‌కోడింగ్ పరీక్ష. ఇది మాత్రం తప్పకుండా చేయండి:

సెలెక్ట్ లెంగ్త్('స్త్రీ'), ఆక్టెట్_లెంగ్త్('స్త్రీ');

కోట్స్ మధ్య మాట తెలుగులోనే ఉండాలి. జవాబు 6, 18 రావాలి. మన కంటికి స్త్రీ ఒక్క అక్షరమే. యూనికోడ్‌కు అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం గుడి దీర్ఘం, మొత్తం ఆరు గుర్తులు. ఒక్కొక్కదానికి 3 బైట్లు. రెండు చోట్లా 18 వస్తే మీ డేటాబేస్ బైట్లే లెక్కపెడుతోంది, ఎస్‌క్యూఎల్_ఆస్కీలో పుట్టింది. మళ్లీ కట్టండి.

ఈ లెక్క నుంచే టేబుల్ కట్టేవారికి ఒక సూచన. పుస్తకం పేరుకు 20 అక్షరాలు చాలని పరిమితి పెట్టకండి. గ్రంథాలయం అన్న మాట చూడటానికి నాలుగే అక్షరాలు, పోస్ట్‌గ్రెస్‌కు తొమ్మిది. ఇంగ్లిష్ పేర్లను చూసి వేసిన అంచనా తెలుగు పేర్లకు సరిపోదు. టెక్స్ట్ అనే రకం వాడితే పరిమితే ఉండదు, పోస్ట్‌గ్రెస్‌లో దానివల్ల వేగమూ తగ్గదు.

ఐదోది: మొదటి టేబుల్, తెలుగు వరుస

క్రియేట్ టేబుల్ బుక్స్ (ఐడీ బిగ్ఇంట్ జెనరేటెడ్ ఆల్వేస్ యాజ్ ఐడెంటిటీ ప్రైమరీ కీ, టైటిల్ టెక్స్ట్ నాట్ నల్);

ఇన్సర్ట్ ఇంటూ బుక్స్ (టైటిల్) వాల్యూస్ ('కవిత'), ('కళ'), ('కల');

సెలెక్ట్ టైటిల్ ఫ్రమ్ బుక్స్ ఆర్డర్ బై టైటిల్;

కల, కళ, కవిత అని వస్తాయి. మనం బడిలో నేర్చుకున్న వర్ణమాలలో ళ హకారం తర్వాత వస్తుంది, అంటే కళ చివర ఉండాలి. యూనికోడ్ మాత్రం ల పక్కనే ళను, ర పక్కనే ఱను పెట్టింది. సీ లొకేల్ ఆ సంఖ్యల వరుసనే పాటిస్తుంది. తెలుగు భాషా నియమాల వరుస కావాలంటే అడిగేటప్పుడే చెప్పండి:

సెలెక్ట్ టైటిల్ ఫ్రమ్ బుక్స్ ఆర్డర్ బై టైటిల్ కొలేట్ "టీఈ-ఎక్స్-ఐసీయూ";

డబుల్ కోట్స్ మధ్య ఉన్నవన్నీ చిన్న అక్షరాలు: టీ, ఈ, గీత, ఎక్స్, గీత, ఐ, సీ, యు. ఇది ఐసీయూ అనే లైబ్రరీలోని తెలుగు వరుస, ఉబుంటు ప్యాకేజీలో సిద్ధంగా ఉంటుంది. రెండు వరుసల్లోనూ మీ పేర్లు కొన్ని వేసి, గ్రంథాలయంలోని రిజిస్టరుతో పోల్చి చూడండి. ళ, క్ష, ఱ, సున్నా ఉన్న పేర్లను తప్పక చేర్చండి. తేడాలు బయటపడేది వాటి దగ్గరే.

బయటికి రావడానికి \క్యూ.

మీది మైఎస్‌క్యూఎల్ అయితే

లోపలికి వెళ్లి ఈ లైను చాలు:

క్రియేట్ డేటాబేస్ లైబ్రరీ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4;

చివరి ఎంబీ4 వదలకండి. అక్కడ వట్టి యూటీఎఫ్8 అంటే ఒక అక్షరానికి 3 బైట్ల వరకే. తెలుగు అందులో పడుతుంది, ఎమోజీలు పట్టవు. 8.0 వెర్షన్ నుంచి యూటీఎఫ్8ఎంబీ4 దానంతటదే వస్తుంది. అంతకుముందు లాటిన్1 వచ్చేది, నా మొదటి జాబితాను మింగింది అదే.

ఆఖరుది: తీసేయడం, దాచుకోవడం

తప్పుగా పుట్టిన డేటాబేస్‌ను తీసేయడానికి:

సుడో -యు పోస్ట్‌గ్రెస్ డ్రాప్‌డీబీ --ఇంటరాక్టివ్ లైబ్రరీ

ఇంటరాక్టివ్ అని చేరిస్తే ఒకసారి అడిగి చేస్తుంది. చేర్చకపోతే అడగదు, తిరిగి తెచ్చే కమాండూ లేదు. అడిగినప్పుడు పేరు మళ్లీ చదివి గానీ అవునని కొట్టకండి.

డేటా ఎక్కించడం మొదలైన రోజే బ్యాకప్ కూడా మొదలుపెట్టండి:

పీజీ_డంప్ --హోస్ట్=లోకల్‌హోస్ట్ --యూజర్‌నేమ్=మేనేజర్ --ఫార్మాట్=కస్టమ్ --ఫైల్=లైబ్రరీ.డంప్ లైబ్రరీ

ఫైలు తయారైనంత మాత్రాన నమ్మకండి. మూడో మెట్టులోని లైనే మళ్లీ కొట్టి, చివర పేరు మాత్రం లైబ్రరీ_టెస్ట్ అని మార్చి, ఇంకో ఖాళీ డేటాబేస్ చేయండి. అందులోకి దించండి:

పీజీ_రిస్టోర్ --హోస్ట్=లోకల్‌హోస్ట్ --యూజర్‌నేమ్=మేనేజర్ --డీబీనేమ్=లైబ్రరీ_టెస్ట్ లైబ్రరీ.డంప్

లోపలికి వెళ్లి పుస్తకాల సంఖ్య రెండింటిలో సమానమేనా, ఒత్తులూ గుణింతాలూ ఉన్న పేర్లు నాలుగైదు సరిగ్గా వచ్చాయా చూడండి. వచ్చాయంటే లైబ్రరీ_టెస్ట్‌ను డ్రాప్‌డీబీతో తీసేసి, డంప్ ఫైలును ఆ కంప్యూటర్‌లో కాకుండా వేరేచోట దాచండి.